టీమ్ మునిగిపోతే ఆటగాడి జీతం ఎవరిస్తారు? డెక్కన్ చార్జర్స్ నుంచి ఐస్ హాకీ దాకా

నంద్యాల నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు వీడియో కొంచెం పెద్దది, టీ పక్కన పెట్టుకుని కూర్చోండి. వెనకాల ఫ్యాన్ సౌండ్ వస్తే ఏమనుకోవద్దు, ఈ ఎండల్లో ఫ్యాన్ ఆపితే నేనే ఆగిపోతా.

పోయిన వారం ఆళ్ళగడ్డ నుంచి ఒక తమ్ముడు ఇన్‌స్టాలో మెసేజ్ పెట్టాడు. కబడ్డీ ఆడతాడు, రైడర్. వయసు ఇరవై. పేరు చెప్పను, చెప్పొద్దన్నాడు. "అన్నా, ఒక లీగ్ వాళ్ళు టీమ్‌లోకి తీసుకుంటామంటున్నారు. లక్షా ఇరవై వేలు ఇస్తారంట. సంతకం పెట్టేదా?" అని అడిగి, కింద ఆరు పేజీల పీడీఎఫ్ పంపించాడు. అంతా ఇంగ్లీషే. నేను బీటెక్ చదివినోణ్ణి, లాయర్ని కాదు. అయినా అడిగాడు కదా అని కూర్చుని చదివా. మొదటి మూడు పేజీలూ మామూలే. జెర్సీ వేసుకోవాలి, టైముకి రావాలి, మీడియాతో మాట్లాడొద్దు. నాలుగో పేజీలో ఒక లైను దగ్గర ఆగిపోయా. దాని సారాంశం ఇదీ: సీజన్ అయిపోయాక అరవై రోజుల్లో డబ్బులిస్తాం, అదీ స్పాన్సర్ల నుంచి మాకు డబ్బు వచ్చిన దాన్నిబట్టి.

మళ్ళీ చదవండి ఆ చివరి ముక్క. స్పాన్సర్ ఇస్తేనే నీకు. స్పాన్సర్ ఇవ్వకపోతే నీ మోకాలు పోయినా, నువ్వు రోజూ పది పాయింట్లు తెచ్చినా, నీకేం లేదు. టీమ్ లాభపడితే ఆ లాభం ఓనర్‌ది, నష్టపోతే మాత్రం తమ్ముడిది కూడా. సంతకం పెట్టాలా వద్దా అనే మాటకి చివర్లో వస్తా. దానికంటే ముందు మనకు బాగా తెలిసిన టీమ్ ఒకటి ఉంది, దాని కథ చెప్పాలి.

డెక్కన్ చార్జర్స్. గుర్తుందా? నేను అప్పుడు స్కూల్లో ఉన్నా. మా వీధిలో టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందూ చెప్పుల కుప్ప. 2008 జనవరిలో ఐపీఎల్ టీమ్‌లు వేలం వేస్తే, హైదరాబాద్ టీమ్‌ని డెక్కన్ క్రానికల్ పేపర్ కంపెనీ 107 మిలియన్ డాలర్లకు పాడుకుంది. అప్పటి డాలర్ రేటు నలభై చొప్పున వేసుకుంటే సుమారు 428 కోట్లు. ఆ డబ్బు ఒకేసారి కట్టేది కాదు, పదేళ్ళ వాయిదాలు. మొదటి ఏడాది లక్ష్మణ్ కెప్టెన్, సైమండ్స్ ఒక్కడికే 13.5 లక్షల డాలర్లు, అయినా అట్టడుగున నిలిచాం. రెండో ఏడాది అదే టీమ్ కప్పు కొట్టింది. 2009 మే 24, జొహానెస్‌బర్గ్, గిల్‌క్రిస్ట్ కెప్టెన్, బెంగళూరు మీద 6 పరుగుల తేడా. ఆ రాత్రి మా ఊళ్ళో దీపావళికి మిగిలిన టపాసులు కూడా కాల్చేశారు.

ఇంకో మూడేళ్ళకు ఆ టీమే లేదు.

ఎందుకు పోయింది? ఆట బాగాలేకనా? స్టేడియం నిండకనా? కాదు. కంపెనీకి బ్యాంకుల్లో అప్పులు పెరిగిపోయాయి. ఆ అప్పుల కోసం టీమ్‌ని కూడా తాకట్టులో చూపించారు. 2012 ఆగస్టు 16న బీసీసీఐ నోటీసు ఇచ్చింది. అందులో మూడు ఆరోపణలు: ఆటగాళ్ళకీ మిగతావాళ్ళకీ డబ్బు ఇవ్వలేదు, టీమ్ ఆస్తుల మీద బ్యాంకులకు హక్కు రాసిచ్చారు, కంపెనీ దివాళా పరిస్థితిలో ఉంది. ముప్పై రోజుల్లో సరిచేసుకోండి అన్నారు. సెప్టెంబర్ 13న చెన్నైలో టీమ్‌ని అమ్మకానికి పెడితే ఒక్కటే బిడ్ వచ్చింది, పీవీపీ వెంచర్స్ నుంచి, 900 కోట్లు. డబ్బు కట్టే పద్ధతి కుదరలేదని దాన్నీ కాదన్నారు. మర్నాడు, సెప్టెంబర్ 14న, బోర్డు టీమ్‌ని రద్దు చేసేసింది. ఆ తర్వాత కోర్టుల చుట్టూ నెల రోజులు తిరిగారు. ముంబై కంపెనీ ఒకటి కొంటానని వచ్చింది, వంద కోట్ల బ్యాంకు గ్యారంటీ పెట్టలేకపోవడంతో అదీ పోయింది. అక్టోబర్ 25న సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల లెక్కన కొత్త హైదరాబాద్ టీమ్ తీసుకుంది. అదే సన్‌రైజర్స్. స్టెయిన్, ధావన్, సంగక్కర లాంటి పాత టీమ్ ఆటగాళ్ళు చాలామంది కొత్త జెర్సీలోకి మారిపోయారు. ఫ్యాన్స్ కూడా మారిపోయాం, అబద్ధమెందుకు, 2016లో వార్నర్ కప్పు ఎత్తితే నేను హాస్టల్లో మంచం విరగ్గొట్టా.

ఇంతవరకు చాలామందికి తెలుసు. దీని తర్వాత జరిగింది తక్కువమందికి తెలుసు. రద్దు చేసింది తప్పని కంపెనీ ఆర్బిట్రేషన్‌కు వెళ్ళింది. 2020 జులైలో ఆర్బిట్రేటర్, ఒక రిటైర్డ్ సుప్రీంకోర్టు జడ్జి, ఏమన్నారంటే, ముప్పై రోజుల గడువు పూర్తి కాకముందే రద్దు చేశారు, అది చెల్లదు, బీసీసీఐ 4,800 కోట్లకు పైగా కట్టాలి అన్నారు. చదివింది కరెక్టే, నాలుగు వేల ఎనిమిది వందల కోట్లు. ఏడాది తిరక్కుండానే, 2021 జూన్‌లో బాంబే హైకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఎవరిది రైటు అనేది ఇక్కడ నా పాయింట్ కాదు. ఓనర్‌కీ బోర్డుకీ గొడవ వస్తే దానికి నోటీసు ఉంది, గడువు ఉంది, ఆర్బిట్రేటర్ ఉన్నాడు, హైకోర్టు ఉంది, తొమ్మిదేళ్ళ విచారణ ఉంది. నోటీసులో మొట్టమొదట రాసిన ఆటగాళ్ళ బాకీ సంగతి ఏ హెడ్‌లైన్‌లో చూశారు మీరు?

డెక్కన్ కంటే ముందు సంవత్సరం కొచ్చి టస్కర్స్ అని ఒక టీమ్ ఉండేది. ఒక్కటే సీజన్ ఆడింది, 2011. బ్యాంకు గ్యారంటీ కట్టలేదని బోర్డు దాన్ని కూడా తీసేసింది. ఆ టీమ్‌లో ఆడిన ఆస్ట్రేలియా బ్రాడ్ హాడ్జ్ 2021లో ట్విట్టర్‌లో ఒక పోస్టు పెట్టాడు. పదేళ్ళయింది, మాకు ఇంకా 35 శాతం డబ్బు రాలేదు, ఎక్కడుందో ఎవరైనా వెతుకుతారా అని. పదేళ్ళ తర్వాత, ట్విట్టర్‌లో! అదే టీమ్ ఓనర్ల కేసు ఏమైంది? 2025 జూన్‌లో బాంబే హైకోర్టు వాళ్ళకు బోర్డు 538 కోట్లు కట్టాలన్న తీర్పుని నిలబెట్టింది. ఓనర్లకు కోర్టు తీర్పు, ఆటగాడికి ఒక ట్వీట్. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఈ వీడియో చేయాలనిపించింది నాకు.

సరే, ఐస్ హాకీకి వద్దాం. "అన్నా, ఆళ్ళగడ్డలో ఐస్ అంటే సోడా బండి మీద ఉండేదే, మనకెందుకు ఐస్ హాకీ?" అంటారని తెలుసు. ఎందుకంటే, ఓనర్లకీ ఆటగాళ్ళకీ డబ్బు మీద గొడవ వస్తే అది ఎంత దూరం పోగలదో చూడాలంటే అంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఒక కాకతాళీయం చెప్తా వినండి. డెక్కన్ చార్జర్స్ రద్దయింది 2012 సెప్టెంబర్ 14. సరిగ్గా మర్నాడు, సెప్టెంబర్ 15 అర్ధరాత్రి, అమెరికా కెనడాల్లో ఆడే నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, మొత్తం లీగ్‌కే తాళం పడింది. ఒక్క రోజు తేడా. ఇక్కడ ఒక టీమ్ పోతే ఆటగాళ్ళు ఎవరికి వాళ్ళు కొత్త గూడు వెతుక్కున్నారు. అక్కడ అన్ని టీమ్‌ల ఆటగాళ్ళు ఒక్క గుంపుగా బయట కూర్చున్నారు.

లాకౌట్ అంటే సమ్మె కాదు, కన్‌ఫ్యూజ్ అవ్వొద్దు. సమ్మె అంటే పనివాళ్ళు మేం రాము అనడం. లాకౌట్ అంటే మీరు నా షరతులు ఒప్పుకునేదాకా లోపలికి రావద్దని ఓనరే గేటుకి తాళం వేయడం. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆటగాళ్ళ యూనియన్‌కీ లీగ్‌కీ కొన్నేళ్ళకోసారి ఒప్పందం ఉంటుంది. అది అయిపోయి కొత్తది కుదరకపోతే ఓనర్లు తాళం తీస్తారు, అదే, జేబులోంచి తీస్తారు. 2012లో నాలుగు నెలలు నడిచింది. సీజన్లో ఒక్కో టీమ్‌కి 82 మ్యాచులు ఉండాల్సింది 48తో సరిపెట్టారు. కానీ అసలు పెద్దది అంతకు ముందుది, 2004ది.

2004 సెప్టెంబర్‌లో మొదలైంది. 2005 ఫిబ్రవరి 16న లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్ మైకు ముందుకొచ్చి ఈ ఏడు సీజన్ లేదు అని చెప్పాడు. మొత్తం సీజనే. 1,230 మ్యాచులు గాల్లో కలిసిపోయాయి. ఉత్తర అమెరికాలో ఒక పెద్ద లీగ్ జీతాల గొడవ వల్ల మొత్తం ఏడాది ఆట పోగొట్టుకోవడం అదే మొదటిసారి. మొత్తం 310 రోజులు. వందల మంది ఆటగాళ్ళు రష్యా, స్వీడన్, చెక్ లీగుల్లోకి పోయి ఆడుకున్నారు.

గొడవ దేని మీద? ఇక్కడ మన ఊరి మాటలోనే చెప్తా. మీ ఇంట్లో ఎవరైనా పొలం కోరుకు చేసుంటే ఇది రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. కోరు అంటే పంటలో భాగం. పొలం ఆయనది, కష్టం మనది, పండిన దాంట్లో సగం సగం అనుకుంటాం. ఒప్పందం బానే ఉంటుంది. కొట్లాట ఎక్కడొస్తుంది? కళ్ళంలో. ఎన్ని మూటలు పండినాయి, కొలిచింది ఎవరు, కొలిచేటప్పుడు ఎవరున్నారు, గడ్డి లెక్కలో వేశారా లేదా, ముందు రాత్రి ఒక ట్రాక్టర్ లోడు యాడికి పోయింది. కేసీ కెనాల్ కింద వడ్లు పండించే ఏ పెద్దాయన్నైనా అడగండి, సగం అనే మాట సులభం, దేంట్లో సగం అనేదే కష్టం అంటాడు.

ఎన్‌హెచ్‌ఎల్‌లో అదే. ఓనర్లు ఒక పెద్దాయన్ని పెట్టారు, ఆర్థర్ లెవిట్ అని, అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థకు మాజీ ఛైర్మన్. ఆయన లెక్కలు చూసి 2002-03 సీజన్లో టీమ్‌లన్నీ కలిపి 273 మిలియన్ డాలర్లు నష్టపోయాయని, వచ్చిన ఆదాయంలో 75 శాతం ఆటగాళ్ళకే పోతోందని రిపోర్టు రాశాడు. ఆటగాళ్ళు నమ్మలేదు. ఆ పెద్దాయన్ని పెట్టింది మీరే, జీతమిచ్చింది మీరే అన్నారు. ఫోర్బ్స్ పత్రిక తన లెక్క తను వేసి నష్టం 123 మిలియన్లే అంది. చూశారా, 273 ఎక్కడ, 123 ఎక్కడ? టీవీ డబ్బులు, స్టేడియంలో లగ్జరీ బాక్సుల అద్దె, పార్కింగ్ డబ్బులు, ఇవి ఏ ఖాతాలో రాస్తావనే దాన్నిబట్టి నష్టం పెరుగుతుంది, తగ్గుతుంది. టీమ్ ఓనరే స్టేడియానికీ ఓనరైతే కుడి జేబులో డబ్బు ఎడమ జేబులోకి మారుతుంది, టీమ్ పుస్తకంలో మాత్రం నష్టం కనిపిస్తుంది. ట్రాక్టర్ లోడు కథే.

చివరికి ఎవరు గెలిచారు? ముక్కుసూటిగా చెప్తే ఓనర్లు గెలిచారు. 2005 జులైలో కుదిరిన ఒప్పందంలో ఒక్కో టీమ్ జీతాల మొత్తానికి 39 మిలియన్ డాలర్ల పరిమితి పెట్టారు. అప్పటికే ఉన్న కాంట్రాక్టులన్నిట్లో 24 శాతం కోత. యూనియన్ నాయకుడు బాబ్ గుడెనవ్ ఆ నెలలోనే దిగిపోయాడు. యూనియన్ చిత్తుగా ఓడిపోయిందని అందరూ రాశారు. కానీ అందులోనే ఒకటి సంపాదించుకున్నారు వాళ్ళు. పరిమితిని ఆదాయంతో ముడిపెట్టారు, ఆటగాళ్ళ వాటా 54 శాతం నుంచి మొదలై ఆదాయం పెరిగే కొద్దీ పెరిగేటట్టు. ఆదాయం అంటే ఏమేమి లెక్కలోకి వస్తాయో పేజీలకు పేజీలు రాసుకున్నారు. ఏడాదికోసారి స్వతంత్ర ఆడిటర్ వచ్చి చూస్తాడు, ఆ లెక్క యూనియన్ కూడా చూస్తుంది. అంటే కళ్ళంలోకి అడుగు పెట్టారు. 2012 గొడవలో వాటా 57 నుంచి 50కి తగ్గింది, నిజమే, మళ్ళీ ఓనర్లదే పైచేయి. అయితే దేంట్లో యాభై అనేది మాత్రం పుస్తకంలో ఉంది. ఆ 39 మిలియన్ల పరిమితి 2025-26 సీజన్‌కి 95.5 మిలియన్లకు చేరింది. 2025 జులైలో తర్వాతి ఒప్పందం ఏ తాళమూ పడకుండానే కుదిరిపోయింది.

ఈ యూనియన్ ఏదో ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1957లో డెట్రాయిట్ టీమ్ స్టార్ ఆటగాడు టెడ్ లిండ్సే, మన పెన్షన్ డబ్బు లెక్క చూపించండి అని తోటి ఆటగాళ్ళని కూడగట్టాడు. ఆ ఏడాదే అతణ్ణి లీగ్‌లో అట్టడుగున ఉన్న షికాగోకి పంపించేశారు. ఆ ప్రయత్నం అక్కడే చచ్చిపోయింది. పదేళ్ళకు, 1967లో మళ్ళీ యూనియన్ పుట్టింది. దానికి పెద్దగా వచ్చిన లాయర్ అలన్ ఈగల్‌సన్, ఇరవై ఐదేళ్ళు ఏలాడు, చివరికి ఆటగాళ్ళ డబ్బే తిన్నాడని తేలి 1998లో కోర్టులో నేరం ఒప్పుకుని జైలుకు పోయాడు. దొంగని పట్టుకునే పనిలో పెట్టినోడే దొంగ. కాబట్టి యూనియన్ ఉంటే అంతా బంగారం అని నేను చెప్పట్లేదు. లెక్క చూపించమని అడిగే అలవాటు యూనియన్ లోపల కూడా ఉండాల్సిందే, వాళ్ళకది చాలా ఖరీదైన పాఠం.

టీమ్ దివాళా తీస్తే ఏం చేస్తారో కూడా చూడండి. ఫీనిక్స్ కొయోటీస్ అని ఎడారిలో ఒక ఐస్ హాకీ టీమ్. ఎడారిలో ఐస్ హాకీ, మనం నవ్వొద్దు, మన వేసవి కూడా అంతే. 2009 మేలో ఓనర్ దివాళా కోర్టుకు వెళ్ళాడు. చివరికి లీగే 140 మిలియన్ డాలర్లకు టీమ్‌ని కొనేసి 2013 దాకా తనే నడిపింది. ఆట ఆగలేదు. ఆ తర్వాత కూడా ఆ టీమ్ సుఖపడింది లేదు. ఆఖరి రెండేళ్ళు యూనివర్సిటీ వాళ్ళ ఐదు వేల సీట్ల స్టేడియంలో ఆడుకుని, 2024లో ఆటగాళ్ళంతా యూటా రాష్ట్రానికి వెళ్ళిపోయారు. అరిజోనా ఫ్యాన్స్ ఏడ్చారు. ఆటగాళ్ళు మాత్రం అవే కాంట్రాక్టులతో కొత్త ఊళ్ళో దిగారు.

ఇప్పుడు మన హైదరాబాద్ ఫుట్‌బాల్ టీమ్. క్రికెట్ తప్ప ఏం చూడనోళ్ళు కూడా ఈ ముక్క వినండి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో వచ్చింది, పుణె టీమ్ మూతపడితే దాని స్థానంలో. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి ఐఎస్ఎల్ ఛాంపియన్ అయింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మరుసటి ఏడాది లీగ్‌లో రెండో స్థానం. ఆ తర్వాతి ఏడాది, 2023-24లో, జీతాలు ఆగిపోయాయి. ఫిఫా కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా నిషేధం పెట్టింది. సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ, మనవాళ్ళలో చాలామంది కూడా వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళతో కోచ్ థంగ్‌బోయ్ సింగ్టో బండి లాగాడు. 22 మ్యాచుల్లో ఒక్కటే గెలుపు. రెండేళ్ళ కింద ఛాంపియన్, ఇప్పుడు ఆఖరు. 2024లో కొత్త ఓనర్లు తీసుకున్నారు, 2025లో టీమ్‌ని ఢిల్లీకి మార్చి పేరు కూడా మార్చేశారు. డెక్కన్ చార్జర్స్ తర్వాత హైదరాబాద్ పోగొట్టుకున్న రెండో ఛాంపియన్ టీమ్ అది.

కానీ ఆ ఆటగాళ్ళు బయటికి ఎలా వెళ్ళగలిగారు? కాంట్రాక్ట్ ఉంది కదా? ఫుట్‌బాల్‌లో ఫిఫా రూల్ ఒకటి ఉంది. రెండు నెలల జీతం ఇవ్వకపోతే, బాకీ కట్టమని పదిహేను రోజుల నోటీసు ఇచ్చి, అప్పటికీ కట్టకపోతే ఆటగాడు కాంట్రాక్ట్ తెంచుకోవచ్చు. బాకీ అలాగే ఉంటే క్లబ్ కొత్త ఆటగాళ్ళని రిజిస్టర్ చేసుకోకుండా ఫిఫా ఆపగలదు. ఈ రూల్ 2018లో వచ్చింది, ప్రపంచ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ యూనియన్ ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చింది. మన దేశంలో దాని శాఖ కూడా ఉంది, భూటియా వాళ్ళు 2006లో పెట్టారు. అంటే రాయచోటి కుర్రాడైనా బ్రెజిల్ కుర్రాడైనా ఆ రూల్ కింద ఒక్కటే. క్రికెట్‌లో మన దగ్గర 2019లో ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ వచ్చింది, మంచిదే, కానీ అది రిటైరైనవాళ్ళకి. ఇప్పుడు ఆడుతున్నోళ్ళకి కాదు.

ఒక చిన్న లెక్క చేద్దాం, నాకు ఎక్సెల్ చూస్తే ఇప్పటికీ చేతులు ఊరుకోవు. ఐపీఎల్ టీవీ, మొబైల్ ప్రసార హక్కులు 2023 నుంచి 2027 దాకా 48,390 కోట్లు. ఐదుతో భాగిస్తే ఏడాదికి 9,678 కోట్లు. 2025లో ఒక్కో టీమ్ ఆటగాళ్ళ కోసం ఖర్చు పెట్టగలిగే పర్సు 120 కోట్లు, పది టీమ్‌లకు 1,200 కోట్లు. మ్యాచ్ ఫీజుల కోసం ఒక్కో టీమ్‌కి పక్కన పెట్టిన 12.6 కోట్లు కూడా కలిపితే 1,326 కోట్లు. ఒక్క ప్రసార హక్కుల డబ్బుతో పోల్చినా అది 14 శాతానికి కొంచెం తక్కువ. టిక్కెట్లు, స్పాన్సర్లు కలిపితే శాతం ఇంకా దిగుతుంది. అక్కడ ఐస్ హాకీలో యాభై. పోలిక పూర్తిగా న్యాయం కాదు, ఒప్పుకుంటా. ఐపీఎల్ రెండు నెలలు, వాళ్ళది అక్టోబర్ నుంచి జూన్ దాకా. ఐపీఎల్ డబ్బుతో బోర్డు రంజీ మ్యాచులు, స్టేడియాలు కూడా నడపాలి. సరే, అయితే ఎంత శాతం న్యాయం? ఇరవయ్యా, ముప్పయ్యా? ఆ ప్రశ్న అడగడానికి ఆ టేబుల్ దగ్గర ఆటగాళ్ళ తరఫున కుర్చీయే లేదు. కోహ్లికీ బుమ్రాకీ అవసరం లేదు లెండి, వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. ముప్పై లక్షల బేస్ ప్రైస్‌కి వెళ్ళి బెంచి మీద కూర్చునే కుర్రాడి తరఫున మాట్లాడుతున్నా. ఇంకా కింద, మన కబడ్డీ తమ్ముడి తరఫున.

నాకెందుకు ఇంత మంట అంటారా? చెప్తా. యూట్యూబ్‌కి రాకముందు నేను హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేశా. పేరు వద్దు. పదకొండు మందిమి. ఒక నెల జీతం ఆలస్యమైంది, క్లయింట్ పేమెంట్ రాలేదన్నారు. రెండో నెలా అదే మాట. మూడో నెలకి మాలో ఒక్కొక్కరు ఒంటరిగా ఓనర్ క్యాబిన్‌లోకి పోవడం మొదలుపెట్టాం. నాకు చెల్లెలి ఫీజు కట్టాలి సార్, నాకు ఇంటి అద్దె సార్. ఆయన ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పి పంపించాడు. ఎవరికేం చెప్పాడో ఒకరికొకరం చెప్పుకోలేదు, సిగ్గు. పదకొండు మందికి వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో బర్త్‌డే కేకుల ఫోటోలు పెట్టుకున్నాం గానీ, అందరం కలిసి ఒక్క మెయిల్ పెడదాం అని ఎవరూ రాయలేదు. నేను కూడా రాయలేదు. చివరికి నాకు మూడు నెలల్లో ఒక నెల డబ్బు వచ్చింది. లాప్‌టాప్ వెనక్కి ఇచ్చేసి ఆళ్ళగడ్డ బస్సెక్కా. ఆ రోజు మా నాయన ఒక్కటే అడిగాడు, "మీకు కంపెనీ లెక్క ఎప్పుడన్నా చూపించినారా?" అని. ఆయన ముప్పై ఏళ్ళు కోరుకు సేద్యం చేసినాడు. నేను నవ్వా, కంపెనీ లెక్కలు మాకెందుకు చూపిస్తారు నాయనా అని. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నాకే ఏదోలా ఉంటుంది.

సరే, తమ్ముడి దగ్గరికి వద్దాం. సంతకం పెట్టొద్దు అని నేను చెప్పలేదు. ఇరవై ఏళ్ళ వయసులో వచ్చిన అవకాశం, వదులుకో అనడానికి నేనెవర్ని? రైడర్‌కి నాలుగేళ్ళు పోతే మళ్ళీ రావు. నేను చెప్పింది రెండు మాటలు. ఒకటి, ఆ స్పాన్సర్ లైను తీసేయమని అడుగు, తీయకపోతే సగం డబ్బు మొదటి మ్యాచ్‌కి ముందే ఇమ్మని అడుగు. మన ఆళ్ళగడ్డలో శిల్పి కూడా బయానా తీసుకోకుండా ఉలి ఎత్తడు కదా, నువ్వు మోకాళ్ళు పెట్టి ఆడుతున్నావు. రెండోది, ఇది ఒక్కడివే అడగొద్దు. నీతోపాటు ఆ టీమ్‌కి ఎంపికైనవాళ్ళు ఎంతమంది, వాళ్ళ నంబర్లు ఉన్నాయా అని అడిగా.

"ఉన్నాయన్నా, పద్నాలుగు మందిమి. గ్రూపు కూడా ఉంది" అన్నాడు.

గ్రూపులో ఏం మాట్లాడుకుంటారు అని అడిగా. "జెర్సీ నంబర్ల గురించన్నా. ఏడో నంబర్ కోసం ముగ్గురు కొట్టుకుంటున్నారు."

నవ్వొచ్చింది, మా కేకుల గ్రూపు గుర్తొచ్చింది. ఆ నాలుగో పేజీ ఫోటో తీసి అందులో పెట్టు, మిగతావాళ్ళ కాంట్రాక్టులో కూడా అదే లైను ఉందేమో అడుగు అన్నా. మొన్న రాత్రి పెట్టాడంట. పద్నాలుగు మందిలో తొమ్మిది మంది అసలు ఆ పేజీ దాకా చదవలేదు. ఇద్దరు అప్పటికే సంతకం పెట్టేశారు. ఒకతను డోన్ నుంచి, వాళ్ళ మామ లాయరంట, ఆయనకి చూపిస్తానన్నాడు. ఒకతను మాత్రం "ఎందుకురా లేనిపోని గొడవ, తీసేస్తారు మనల్ని" అన్నాడంట. అతని భయం కూడా నిజమే, లిండ్సేని షికాగో పంపింది గుర్తుంది కదా.

నిన్న సాయంత్రం అందరి తరఫున ఒకే మెసేజ్ టీమ్ మేనేజర్‌కి పంపించారు, పదకొండు పేర్లతో. బ్లూ టిక్ పడింది. ఈ వీడియో రికార్డ్ చేసే టైముకి ఇంకా రిప్లై రాలేదు. వస్తే వచ్చే ఎపిసోడ్ మొదట్లోనే చెప్తా. మీ దగ్గర కూడా ఇలాంటి కాంట్రాక్ట్ ఉంటే, లీగ్‌ది గానీ కంపెనీది గానీ, పేర్లు చెరిపేసి ఆ డబ్బు లైను ఒక్కటి నాకు పంపించండి, కలిసి చదువుదాం. ఉంటా ఫ్రెండ్స్.